పాత రాక్ బ్యాండ్ టికెట్: ఎప్పుడు ఎగబడాలి, ఎప్పుడు ఆగాలి

ముందే చెప్పేస్తాను. అమ్మకాలు తెరిచిన రోజు పొద్దున తెర మీద కనిపించే రేటు ఆ షో విలువ కాదు, ఆ పొద్దున జనానికి ఉన్న భయం. పేరు మోసిన పాత రాక్ బ్యాండ్ల విషయంలో ఆ భయం మరీ ఎక్కువ. గాయకుడికి డెబ్బై దాటాయట, గిటారిస్టుకు ఒంట్లో బాగుండటం లేదట, ఇదే ఆఖరి టూరట... ఇలాంటివి నాలుగు మాటలు చెవిన పడితే చాలు, మా వాట్సాప్ గ్రూపులో అందరూ ఒకేసారి "ఎంతైనా సరే కొనెయ్" అని నా మీద పడతారు. మా గుంపులో టికెట్లు కొనే పని నాదే. అకౌంట్స్ మనిషిని కాబట్టి నాకు అంటగట్టారు, నేనూ కాదనలేదు. వాళ్లకు ప్రతిసారీ మొత్తుకునే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ధరలు ఇలా ఎందుకయ్యాయో కాస్త తెలిసి ఉంటే కొనేటప్పుడు బుర్ర చల్లగా ఉంటుంది. 1980లో విడిపోయిన ఈగల్స్ 1994లో మళ్లీ కలిసి టూర్‌కు వచ్చినప్పుడు మంచి సీట్ల ధర వంద డాలర్లు దాటించారు. అప్పటికి అది నోరెళ్లబెట్టే ధర. తిట్టినవాళ్లు తిట్టారు, కొనేవాళ్లు కొన్నారు. మిగతా బ్యాండ్లన్నీ అది చూశాయి. ఆర్థికవేత్త అలన్ క్రూగర్ లెక్క ప్రకారం 1996 నుంచి 2003 మధ్య అమెరికాలో కచేరీ టికెట్ సగటు ధర 82 శాతం పెరిగింది. అదే కాలంలో మామూలు వస్తువుల ధరలు పెరిగింది 17 శాతమే. అంతకుముందు టూర్ అంటే రికార్డులు అమ్ముకోవడానికి చేసే ప్రచారం, అందుకే టికెట్ చవగ్గా ఉంచేవారు. పాట ఇంటర్నెట్‌లో ఊరికే దొరకడం మొదలయ్యాక టూరే సంపాదన అయింది. ఇక పాత బ్యాండ్ల శ్రోతలంటారా, కుర్రతనంలో డబ్బుల్లేక వెనక వరసలో నిలబడ్డవాళ్లకు ఇప్పుడు జీతాలున్నాయి, కొందరికి పెన్షన్లూ ఉన్నాయి. 2024లో రోలింగ్ స్టోన్స్ అమెరికా టూర్‌కు స్పాన్సర్ ఎవరో తెలుసా? ఏఏఆర్‌పీ. ఏభై దాటినవాళ్ల సంఘం! ధర పెట్టేవాళ్లకు ఎదుటివాడి జేబు లోతు బాగా తెలుసన్నమాట.

ఇంకోటి. ధర పెట్టేది టికెట్ వెబ్‌సైట్ అనుకుని దాన్నే తిట్టిపోస్తుంటాం. ముఖవిలువ, అంటే టికెట్ మీద వేసే అసలు ధర ఎంతుండాలో, డైనమిక్ ప్రైసింగ్ (గిరాకీని బట్టి ధర మార్చడం) ఉండాలో వద్దో చాలావరకు తేల్చేది బ్యాండూ, షో పెట్టించే ప్రమోటరూ కలిసి. తిట్లు తినడం వెబ్‌సైట్ చేసే సేవల్లో ఒకటి.

గిరాకీ తూచడం

బ్యాండ్‌కు ప్రపంచంలో ఎంతమంది అభిమానులున్నారన్నది మీకు అనవసరం. ఆ ఊళ్లో, ఆ రాత్రికి ఎన్ని సీట్లున్నాయి, వాటి కోసం ఎంతమంది వస్తారు అన్నదే లెక్క. నేను చూసేవి ఇవీ.

మొదట, ఇది మళ్లీ కలిసిన బ్యాండా, ఏటా తిరిగే బ్యాండా? ఒయాసిస్ 2009లో విడిపోయి 2025లో వేదికెక్కింది. మధ్యలో పదహారేళ్ల ఆకలి. అలాంటి చోట "ఆగితే తగ్గుతుంది" అనే సూత్రం మీద ఆశ పెట్టుకోవద్దు. రెండేళ్లకోసారి అదే ఊరికి వచ్చే బ్యాండయితే మొదటిరోజు ఎగబడాల్సిన పనే లేదు.

తర్వాత, హాలు. రెండువేల మంది పట్టే థియేటర్‌కూ, పదిహేను ఇరవై వేలు పట్టే అరీనాకూ, ఏభై వేలు దాటే స్టేడియంకూ పోలికే లేదు. థియేటర్‌లో ఆడితే మొదటిరోజే కొనండి. స్టేడియంలో వెనకాల, పైన ఎప్పుడూ మిగులుతాయి. ఒకే ఊళ్లో రెండో రాత్రి ప్రకటిస్తే ఇంకా మంచిది. "విపరీతమైన గిరాకీ వల్ల అదనపు షో" అని ప్రకటన వస్తుంది గానీ, చాలాసార్లు ఆ తేదీని హాలు దగ్గర ముందే పట్టి ఉంచుతారు. మొదటి రాత్రి టికెట్ల మీద జనం పడి కొట్టుకుంటున్నప్పుడు నేను రెండో రాత్రి కోసం కూర్చుంటాను. భయం తగ్గినవాళ్లే అక్కడ మిగులుతారు కాబట్టి సీట్లు బాగుంటాయి.

మూడోది, వేదిక మీద అసలువాళ్లు ఎవరు మిగిలారు? డ్రమ్మర్ మారితే జనం సర్దుకుంటారు. గొంతు మారితే సగం మంది రారు. టికెట్లు తిరిగి అమ్మేవాళ్ల రేటు ఇది ఇట్టే పట్టేస్తుంది.

బ్యాండ్లు కూడా ఈ లెక్కలో బోల్తా పడతాయి. ది బ్లాక్ కీస్ 2024లో ఉత్తర అమెరికా అరీనా టూర్ మొత్తం రద్దు చేసుకుని చిన్న హాళ్ల వైపు మళ్లారు. వాళ్లకు అభిమానులు లేక కాదు, అరీనాలు నింపేంతమంది ఆ ధరకు రాక. అందుకే అమ్మకాలు మొదలైన వారానికి సీట్ మ్యాప్ తెరిచి చూడండి. కింది అంతస్తులో వరసలకు వరసలు ఇంకా నీలం చుక్కలుగా మిగిలి ఉంటే బేరం మీ వైపు ఉన్నట్టే.

"ఆఖరి టూర్" అనే మాట

దీని మీద నాకు కాస్త చిరాకుంది, ఓపిక పట్టండి. కిస్ బ్యాండ్ 2000లో వీడ్కోలు టూర్ చేసింది. నిజంగా ఆపింది 2023 డిసెంబర్ 2న, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. మోట్లీ క్రూ అయితే ఇక టూర్లు చేయబోమని 2014లో ఏకంగా ఒప్పందం మీద సంతకాలే పెట్టారు, 2015 డిసెంబర్ 31న ఆఖరి షో ఆడారు, 2022లో స్టేడియాలు పట్టుకుని మళ్లీ తిరిగారు. కాగితాల పనిలో బతికే నాకు ఆ ఒప్పందం గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది.

అలాగని ప్రతిదాన్నీ కొట్టిపారేయలేం. ఏరోస్మిత్ 2023 సెప్టెంబర్‌లో వీడ్కోలు టూర్ మొదలుపెట్టింది. కొన్ని షోలకే గాయకుడు స్టీవెన్ టైలర్ గొంతు దెబ్బతిని ఆగిపోయింది. 2024 ఆగస్టులో ఇక టూర్లు లేవని చెప్పేశారు. ఓజీ ఆజ్‌బోర్న్ 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బాత్ పాతవాళ్లతో కలిసి పాడాడు. అదే నెల 22న పోయాడు.

కాబట్టి పోస్టర్ మీద మాటను పక్కన పెట్టి గాయకుడిని చూడండి. ఇటీవలి షోల వీడియోలు వెతికి, ప్రచారం కోసం కత్తిరించినవి కాకుండా ఎవరో ఫోన్‌లో తీసిన పూర్తి పాట ఒకటి వినండి. గొంతు నిలబడుతోందా, పాటను కింది శ్రుతికి దించారా, ఎత్తైన చోట్ల జనం చేత పాడిస్తున్నారా? మీరు ఆ బ్యాండ్‌ను ఒక్కసారీ చూడకపోతే, గాయకుడు డెబ్బై అయిదు దాటి ఉంటే, మీ పరిమితిలో దొరికిన మొదటి టికెట్ కొనెయ్యండి. అప్పుడు ఆగి మిగుల్చుకునేదేమీ లేదు. ఇంతకుముందు చూసినవాళ్లయితే నింపాదిగా ఉండండి.

వాటాలు ఎలా పోతాయంటే

"పది గంటలకు అమ్మకం మొదలు, పదీ అయిదుకు అయిపోయాయి" అని వాపోతుంటారు. పది గంటలకు అసలు ఎన్ని పెట్టారు? న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం 2016లో పెద్ద షోల లెక్కలు తీసి చూస్తే, సగటున 46 శాతం టికెట్లే అందరికీ అమ్మకానికి వచ్చాయి. 38 శాతం ప్రీసేల్‌లో, అంటే కోడ్ ఉన్నవాళ్లకు ముందే పెట్టే అమ్మకంలో పోయాయి, 16 శాతం కళాకారులు, ప్రమోటర్లు, హాలువాళ్లు, స్పాన్సర్లు తమవాళ్ల కోసం అట్టిపెట్టుకున్నారు. అంటే ప్రీసేల్ కోడ్ లేకుండా కూర్చున్నవాడు సగం కంటే తక్కువ దాని కోసం కొట్టుకుంటున్నాడు.

అందుకని కోడ్‌లు సంపాదించండి. బ్యాండ్ మెయిలింగ్ లిస్టు, హాలు మెయిలింగ్ లిస్టు, క్రెడిట్ కార్డు కంపెనీ ప్రీసేల్, ప్రమోటర్ ప్రీసేల్, వీటిలో ఎక్కువ వాటికి పైసా ఖర్చుండదు. పాత బ్యాండ్ల ఫ్యాన్ క్లబ్బులు మాత్రం సభ్యత్వ రుసుము తీసుకుంటాయి. అది తరచూ టూర్ చేసే బ్యాండయితేనే గిట్టుబాటు. పెర్ల్ జామ్ వాళ్ల టెన్ క్లబ్‌లో సీనియారిటీ పద్ధతి ఉంది, ఎంత పాత సభ్యుడైతే అంత ముందు సీటు. తొంభైల్లో చేరి ఊరుకున్నవాళ్ల మీద నాకు నిజంగానే అసూయ.

అమ్మకం రోజు పొద్దున

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక కాగితం మీద రెండు అంకెలు రాసుకోండి. ఒకటి, ఫీజులతో సహా ఒక్క టికెట్‌కు మీరు పెట్టగల గరిష్ఠం. రెండు, ఏ సీటుకైతే ఆ గరిష్ఠం పెట్టొచ్చో ఆ సెక్షన్. ఫోన్‌లో కాదు, కాగితం మీదే. క్యూలో మీ ముందు వేలమంది ఉన్నారని చూపించి, లోపలికి రానిచ్చాక కొన్ని నిమిషాల గడియారం పెట్టి తరుముతారు. అప్పుడు మనసు చేసే లెక్కలు నమ్మదగినవి కావు.

లోపలికి వెళ్లగానే ఫిల్టర్‌లో ప్లాటినం, రీసేల్ (కొన్నవాళ్లు తిరిగి అమ్మేవి) రెండూ తీసేయండి. ప్లాటినం అని పేరు చూసి సోఫా, భోజనం, బ్యాండ్‌తో ఫోటో ఏదో ఉంటుందనుకుంటారు. ఏమీ ఉండదు. పక్క సీటు లాంటి సీటే, గిరాకీని బట్టి ధర పెంచి పెట్టారంతే. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన "ఈ స్ట్రీట్" బ్యాండ్‌తో చేసిన 2023 టూర్ టికెట్లు 2022 జులైలో అమ్మకానికి పెట్టినప్పుడు కొన్ని దాదాపు అయిదువేల డాలర్ల దాకా పోయి గొడవైంది. వాటిని అమ్మిన వెబ్‌సైట్ టికెట్‌మాస్టర్ అప్పుడిచ్చిన లెక్క ప్రకారం ప్లాటినంగా పోయినవి 11.8 శాతం, అమ్ముడైన వాటి సగటు ధర 262 డాలర్లు. ఆ లెక్క వాళ్లు తమను సమర్థించుకోవడానికి ఇచ్చిందే అయినా మనకు పనికొస్తుంది. వార్తల్లోకెక్కే రేటు కొద్దిపాటి సీట్లది. మిగతావి ఇంకా మామూలు ధరకే ఎక్కడో ఉంటాయి, వెతకాలి.

ఒయాసిస్ కథ ఇంకా తిరకాసు. 2024 ఆగస్టు 31న గంటల తరబడి క్యూలో ఉన్నవాళ్లు, 148.50 పౌండ్లు అనుకున్న స్టాండింగ్ (నిలబడి చూసే) టికెట్ డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి 355.20 చూశారు. అందరూ ఏదో కంప్యూటర్ క్షణక్షణం ధర పెంచుతోందని అనుకున్నారు. బ్రిటన్ పోటీ వ్యవహారాల సంస్థ సీఎంఏ విచారించి తేల్చింది వేరు. స్టాండింగ్‌కు రెండు ధరలు ముందే ఉన్నాయి, తక్కువవి మొదట వదిలారు, అవి అయిపోయాక ఎక్కువవి మిగిలాయి, క్యూలో ఉన్నవాళ్లకు ఆ సంగతి చెప్పలేదు. అలా రెండంచెల ధర ఉంటే 24 గంటల ముందే చెబుతామని 2025 సెప్టెంబర్‌లో టికెట్‌మాస్టర్ మాటిచ్చింది. బ్రిటన్‌లో కొనేవాళ్లు ముందురోజు మెయిల్ తప్పకుండా చదవండి, అసలు విషయం అందులోనే ఉంటుంది.

నాలుగు సీట్లు కలిపి కావాలని పట్టుబట్టకండి. అడిగే సంఖ్య రెండుకు దించగానే మ్యాప్‌లో కొత్త చుక్కలు వెలుగుతాయి, ఒకటికి దించితే ఇంకొన్ని. మా గుంపు రెండు జంటలుగా వేరే వరసల్లో కూర్చోవడానికి ఎప్పుడో అలవాటు పడింది. పాట మొదలయ్యాక పక్కన ఎవరున్నారో ఎవరికి గుర్తుంటుంది?

కాగితం మీది అంకె దాటితే కిటికీ మూసేయండి. వెతకడం ఇంకా మిగిలే ఉంది.

ఫీజుల సంగతి

అమెరికా ప్రభుత్వ లెక్కల సంస్థ జీఏఓ 2018 నివేదికలో నేరుగా అమ్మే టికెట్ల మీద ఫీజులు సగటున ధరలో 27 శాతం, రీసేల్ మీద 31 శాతం అని తేల్చింది. అంకె కంటే బిల్లు చూస్తేనే కడుపు మండుతుంది. 2023లో ది క్యూర్ అమెరికా టూర్‌కు కావాలనే ధరలు తగ్గించి, ప్లాటినం, డైనమిక్ ప్రైసింగ్ వద్దని, టికెట్లు 20 డాలర్ల నుంచి పెట్టింది. ఒక అభిమాని నాలుగు 20 డాలర్ల టికెట్లు తీసుకుంటే వచ్చిన బిల్లు ఇదీ: టికెట్లకు 80, ఒక్కో టికెట్‌కు సర్వీస్ ఫీజు 11.65, హాలు రుసుము 10, మొత్తం ఆర్డర్‌కు ప్రాసెసింగ్ 5.50. ఫీజులే 92.10 డాలర్లు. టికెట్ల కంటే ఎక్కువ! గాయకుడు రాబర్ట్ స్మిత్ బహిరంగంగా గొడవకు దిగితే టికెట్‌మాస్టర్ దిగొచ్చి, అతి చవక టికెట్లు కొన్నవాళ్లకు పది డాలర్లు, మిగతావాళ్లకు అయిదు డాలర్ల చొప్పున వెనక్కిచ్చింది. వెబ్‌సైట్‌ను ఊరికే తిట్టొద్దని పైన అన్నాను కదా, ఇక్కడ మాత్రం తిట్టొచ్చు.

బిల్లును ఇంకోసారి చూడండి. 5.50 ఆర్డర్‌కు ఒకసారే పడుతుంది, కాబట్టి ఒకే ధరలో కొంటున్నప్పుడు విడివిడి ఆర్డర్లు వద్దు. హాలు రుసుము సీటుతో నిమిత్తం లేకుండా ఒకటే, కాబట్టి చవక టికెట్ మీద ఫీజు శాతం ఎప్పుడూ ఘోరంగా కనిపిస్తుంది. 2025 మే 12 నుంచి అమెరికాలో అన్ని ఫీజులూ కలిపిన ధరే మొదట చూపించాలన్న నిబంధన వచ్చింది. అప్పటినుంచి పోల్చుకోవడం సులువైంది, ధర తగ్గిందని మాత్రం కాదు. కొన్ని హాళ్లలో కౌంటర్ దగ్గర కొంటే సర్వీస్ ఫీజు పడదు. దగ్గర్లో ఉంటే ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

ఆగడం ఎలా

ఆగడమంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు. అకౌంట్స్ బుద్ధి పోదు, నేను ఒక సెక్షన్ ఎంచుకుని వారానికోసారి అందులో అతి తక్కువ రీసేల్ ధర ఎంతుందో ఫీజులతో కలిపి రాసుకుంటాను. ప్రకటన వేడిలో ఎక్కువుంటుంది, తర్వాత నెలల తరబడి అక్కడక్కడే తిరుగుతుంది, షో దగ్గర పడ్డాక కదులుతుంది. లాభానికి కొన్నవాళ్లకు, షో మొదలైతే తమ చేతిలోది చిత్తుకాగితమని తెలుసు. అరీనా, స్టేడియం షోల్లో ఆఖరి రెండురోజులు అందుకే వాళ్లు బేరానికి వస్తారు. మీరు చూస్తున్న సెక్షన్‌లో అమ్మకానికి పెట్టినవి తగ్గుతూ ధర పెరుగుతోందంటే ఇక ఆగకండి. పెట్టినవి పెరుగుతూ ధర నిలబడి ఉందంటే అమ్మేవాళ్లు ఒకరినొకరు చూసుకుంటున్నారన్నమాట, ఎవరో ఒకరు మొదట దించుతారు.

రీసేల్ కంటే నాకు ఇష్టమైనది అట్టిపెట్టిన సీట్లు వదలడం. వేదిక, సౌండ్ బల్ల, తెరలు ఎక్కడ వస్తాయో తేలేదాకా చుట్టుపక్కల సీట్లు అమ్మరు. లారీలు వచ్చి వేదిక కట్టాక ఏ సీట్లకు చూపు అడ్డం లేదో తెలుస్తుంది, అప్పుడు వాటిని ముఖవిలువకే వదులుతారు. బ్యాండ్ అతిథుల కోసం ఉంచి మిగిలినవీ అప్పుడే వస్తాయి. షోకు ముందు రెండు మూడు రోజులు, షో రోజు మధ్యాహ్నం మ్యాప్ తెరిచి ఉంచండి. అంతా బూడిదరంగులో ఉన్నచోట వేదిక పక్క వరసలో రెండు నీలం చుక్కలు హఠాత్తుగా వెలుగుతాయి. ఆలోచిస్తే పోతాయి. కార్డు వివరాలు ముందే ఖాతాలో పెట్టుకోవాలి. దింపుడు కళ్లం ఆశ అని మావాళ్లు వెక్కిరిస్తారు గానీ, నేను కూర్చున్న మంచి సీట్లు చాలావరకు ఇలా వచ్చినవే.

కొన్ని బ్యాండ్లు తామే చవక తలుపు ఒకటి తెరిచి ఉంచుతాయి. రోలింగ్ స్టోన్స్ 2013 అమెరికా టూర్‌లో పైధర ఆరొందల డాలర్ల దాకా పెడుతూనే, సీటు ఎక్కడో చెప్పకుండా 85 డాలర్లకు కొన్ని అమ్మారు. తర్వాతి టూర్లలో దాన్నే లక్కీ డిప్ అన్నారు. జంటగా కొనాలి, షో రోజు గుర్తింపు కార్డుతో కౌంటర్‌కు వెళ్తేనే సీటు తెలుస్తుంది, టికెట్ చేతికిచ్చి నేరుగా లోపలికి పంపుతారు, మళ్లీ అమ్ముకోవడానికి వీలుండదు. పై వరస రావచ్చు, వేదిక ముందు రావచ్చు. మెటాలికా ఎం72 టూర్‌లో ఒకే ఊళ్లో రెండు రాత్రులు, ఏ పాటా రెండోసారి ఆడకుండా ఆడారు. మొదట రెండురోజుల టికెట్లే అమ్మి, ఒక్కరోజువి తర్వాత పెట్టారు. అలాంటప్పుడు మొదటి అమ్మకం చూసి గుండె జారిపోవాల్సిన పనిలేదు.

ఆగకూడని చోట్లు కూడా ఉన్నాయి. థియేటర్లు, వేదిక ముందు స్టాండింగ్, టూర్‌లో ఆఖరి షో, బ్యాండ్ సొంత ఊరి షో. ఐర్లండ్‌లో అయితే 2021 చట్టం ప్రకారం పెద్ద హాళ్ల టికెట్లను ముఖవిలువ కంటే ఎక్కువకు తిరిగి అమ్మడమే నేరం. అక్కడ నల్లబజారు వాడు దిగివచ్చే దాకా ఆగడమనే ఆటే ఉండదు, రాలేకపోయినవాళ్లు ముఖవిలువకు వదిలేవాటి కోసం కాచుకోవాలి.

రీసేల్‌లో చేయి పెట్టేటప్పుడు

అమ్మకాలు మొదలవక ముందే రీసేల్ సైట్లలో టికెట్లు కనిపిస్తే అవి అమ్మేవాడి దగ్గర లేనట్టే. మీ డబ్బు తీసుకుని తర్వాత కొంటాడు, దొరక్కపోతే చేతులెత్తేస్తాడు. వరస నంబరు లేకుండా సెక్షన్ ఒక్కటే చూపించినా అనుమానించండి. కొన్ని షోల టికెట్లు పేరు మార్పుకు కుదరనివి. ది క్యూర్ అదే పద్ధతి పెట్టింది, అయితే న్యూయార్క్, ఇల్లినాయ్, కొలరాడో చట్టాలు ఒప్పుకోక అక్కడ మాత్రం వదిలేసింది. ఫోన్‌కు టికెట్ బదిలీ కాకుండా స్క్రీన్‌షాట్ పంపుతానంటే అక్కడితో మాట ఆపేయండి.

పాత బ్యాండ్‌తో ఇంకో చిక్కు, వాయిదాలు. రద్దయితే డబ్బు వెనక్కి వస్తుంది. వాయిదా వేస్తే చాలాచోట్ల మీ టికెట్ కొత్త తేదీకి చెల్లుతుందంటారు, రిఫండ్ అడగడానికి కొద్దిరోజులే గడువిస్తారు. ఆ మెయిల్ టికెట్ ఎవరి ఖాతాలో మొదట కొన్నారో వాళ్లకే పోవచ్చు. కొత్త తేదీకి ఏడాది పట్టవచ్చు. కాబట్టి గాయకుడి వయసు చూసి టికెట్ కొన్నట్టే ప్రయాణాలూ చూసి కొనండి: రద్దు చేసుకోగలిగే గది, మార్చుకోగలిగే ప్రయాణ టికెట్. రసీదులు, కార్డు స్టేట్‌మెంట్, బదిలీ మెయిల్ ఒక ఫోల్డర్‌లో వేసి, షో అయ్యాక కూడా నెలరోజులు ఉంచండి. ఫీజుల మీద ఎవరైనా మళ్లీ గొడవపడి అయిదో పదో వెనక్కి ఇప్పిస్తే అది ఏ కార్డుకు వచ్చిందో చూసుకోవడానికి పనికొస్తాయి.